కుదురులేని గది

స్కూలుకి రాగానే, పిల్లల గోడు వినే కౌన్సిలరమ్మకి మొదటి పని తన గదిని వెతుక్కోవడం. ఆ గదికి బొత్తిగా కుదురు లేదు. ఓ రోజు లైబ్రరీ పక్కన, ఇంకో రోజు సైకిళ్ల షెడ్డు వెనక. ఏ పిల్లకో పిల్లాడికో లోపలి మాట గొంతుదాకా వస్తే చాలు, గదే అక్కడికెళ్లి నిలబడేది.

"ఇవాళ వెనక గేటు దగ్గరుందమ్మా," అంది ఆయా, చీపురు ఎక్కడుందో చెప్పినట్టు.

నిజమే. గేటు తీస్తే వీధి రావాలి, గది వస్తోంది. నీళ్ల క్యాన్లవాడు గొణుక్కుంటూ చుట్టూ తిరిగొచ్చాడు.

గది ఎవరి కోసం వచ్చిందో తెలీక కౌన్సిలరమ్మకి కాలు నిలవలేదు. కూర్చుంటుంది, లేస్తుంది, తొంగి చూస్తుంది. టీచర్లు ఎప్పట్లాగే తన్నుకున్నవాళ్లనీ బెంచీలు విరగ్గొట్టినవాళ్లనీ పంపారు. అందరితో మాట్లాడింది. గది మాత్రం కదల్లేదు.

మధ్యాహ్నం ప్రిన్సిపాల్ వచ్చాడు. "రేపు వడ్రంగిని పిలిపించి దీన్ని ఆఫీసు పక్కన బిగించేస్తాను. ఏమిటండీ ఈ తిరుగుళ్లు!"

"అక్కడైతే పిల్లలెవరొస్తారు సార్? లోపలికెళ్తే బడంతా చూస్తుంది."

"రావాల్సినవాళ్లు వస్తారు లెండి," అంటూ వెళ్లిపోయాడు.

ఆఖరి పీరియడ్‌లో గేటు గడియ చప్పుడైంది. ప్రిన్సిపాల్ గారి కూతురు! వీధిలోకనుకుని గేటు తీసి గదిలో పడింది. బ్యాగు నిండా బట్టలు కుక్కి ఉన్నాయి.

కౌన్సిలరమ్మ ఆ బ్యాగు వైపు చూసింది. రోజూ నవ్వుతూ నమస్తే పెట్టే పిల్ల. ఒక్కసారైనా ఎలా ఉన్నావని అడిగిన పాపాన పోలేదు తను. సిగ్గుతో చచ్చిపోయింది.

"ఎక్కడికమ్మా?"

"తెలీదు మేడమ్. ఇంటికి మాత్రం కాదు." అలవాటుగా నవ్వబోయింది, రాలేదు. "ఫస్టు ర్యాంకు వస్తోందిగా, నన్నెవరూ ఏమీ అడగరు. నాన్న ఇంట్లో కూడా ప్రిన్సిపాలే. ఆ ప్రిన్సిపాల్ పోయి నాన్నెప్పుడొస్తాడా అని చూస్తుంటాను."

వెక్కివెక్కి ఏడ్చింది. ఆవిడ ఆపలేదు, పక్కనే కూర్చుంది.

"నాన్నకి చెబుదామా? నువ్వు సరేనంటేనే."

ఆ పిల్ల కళ్లు తుడుచుకుని తలూపింది. కాళ్ల కింద నేల మెల్లగా జరిగింది. గది ఆగాక కౌన్సిలరమ్మ తలుపు తీసింది. ఎదురుగా ప్రిన్సిపాల్ టేబులు. ఆయన ఫోన్లో వడ్రంగికి కొలతలు చెబుతున్నాడు. కూతుర్నీ ఆ బ్యాగునీ చూసి లేచి నిలబడ్డాడు.

"లోపలికి రండి సార్," అంది ఆవిడ.

ఆయన ఫోను అలాగే పట్టుకుని వచ్చి, పిల్లలు కూర్చునే పొట్టి కుర్చీలో మోకాళ్లు ముడుచుకుని కూర్చున్నాడు.

"ఎక్కడికి బయల్దేరావు తల్లీ?" అన్నాడు.

ఫోన్లో వడ్రంగి హలో, హలో అంటూనే ఉన్నాడు.