కాళ్ళ కుంపటి

బుధవారం బొంత కుట్టడానికి ట్రాస్క్ వాళ్ళింటికి ఆలస్యంగా వెళ్ళాను. న్యూ హాంప్‌షైర్ మార్చి బురదలో అరమైలు నడిచేసరికే కాళ్ళు పీకాయి. రాత్రంతా నా రెండో పుస్తకం దిద్దిన కళ్ళు మండుతున్నాయి.

నేను శాలువా తీస్తుంటే డార్కస్ ట్రాస్క్ దగ్గరకొచ్చి చెవిలో చెప్పింది. ఆక్సా పెటింగిల్ దగ్గర నుంచి వేసవి బడి తీసేస్తారట. ఊరి పెద్దల్లో డార్కస్ భర్త ఒకడు. ఆ బడి పోతే విధవరాలు ఆక్సాకు వేరే ఆధారం లేదు.

కారణం నా మొదటి పుస్తకం. రాసింది 'ఒక స్త్రీ' అని మాత్రమే అచ్చయింది. అందులో ఒక వెర్రిబాగులది తనకు తానే ప్రేమలేఖలు రాసుకుని, ఆదివారం చర్చిలో అందరి ఎదుటా విప్పి చదువుకుంటుంది. చలికి పాదాల కింద పెట్టుకోవడానికి ఆమె నిప్పులు పోసి తెచ్చుకునే కాళ్ళ కుంపటి అడుగడుగునా కీచుమంటుంది. ఊళ్ళో కీచుమనే కుంపటి ఆక్సాది ఒక్కటే. ఓడ మీద తిరిగే తమ్ముడి ఉత్తరాలు ఆవిడ ఎవరికీ చూపించదు. ఇంకేం, ఆ వెర్రిబాగులది ఆక్సాయేనని ఊరు తేల్చేసింది.

బొంత బిగించిన చట్రం చుట్టూ ఎనిమిదిమందిమి కూర్చున్నాం. డార్కస్ ఆ పుస్తకమే పైకి చదువుతూ మధ్యలో ఆగింది.

"ఏమమ్మా ఆక్సా, ఈ వారం ఉత్తరం రాలేదా? ఇంట్లో సిరా అయిపోయిందా?"

అందరూ నవ్వారు. ఆక్సా తలెత్తలేదు. ఆవిడ కుట్లు మాత్రం వంకరపోయాయి.

"పుస్తకంలోని ఆ ఉత్తరాలు నావి," అన్నాను. "పంతొమ్మిదేళ్ళప్పుడు నాకు నేనే రాసుకున్నాను. పెట్టెలో ఉన్నాయి, తెచ్చి చూపిస్తాను. పుస్తకం కూడా నేనే రాశాను."

సూదులు ఆగిపోయాయి. డార్కస్ గబగబా పేజీలు వెనక్కి తిప్పి నన్ను నిలదీసింది.

"అయితే లోవీసా వదినా, ఇందులో ఒకసారి వాడిన టీ ఆకు ఎండబెట్టి చుట్టాలకు కాచి పోసేదెవరు?"

ఊరికే కల్పించానన్నాను. ఎవరూ నమ్మలేదు. తమ తమ ముఖాలు వెతుక్కోవడానికి పుస్తకం ఒకరి చేతిలోంచి ఒకరు లాక్కున్నారు. ఆ పూట బొంత ముందుకు సాగలేదు. బడి సంగతి భర్తతో మళ్ళీ మాట్లాడతానని డార్కస్ ముభావంగా అంది.

బయటికొచ్చాక గేటు దగ్గర ఆక్సా నిలబడి ఉంది. ఏదో మంచిమాట అంటుందనుకున్నాను.

"ఉత్తరాలు నీవే కదా. మరి కుంపటి నాదెందుకు పెట్టావు? అది మా ఆయన చేసిచ్చింది."

రాస్తున్నప్పుడు ఆ చోట కథ చప్పగా ఉందనిపించింది. అంతకుముందు ఆదివారం ఆ కీచుకు నాకు నవ్వొచ్చింది. అంతే కారణం. ఆ మాట ఆవిడతో ఎలా చెప్పను?

బడి ఆక్సాకే ఉంచారు. తరువాతి ఆదివారం ఆవిడ కుంపటి లేకుండా వచ్చింది. రెండు గంటల ప్రసంగం సాగినంతసేపూ ఆవిడ పాదాలు చల్లటి చెక్కల మీదే ఉన్నాయి. పక్కనే కూర్చున్న నేను నా కుంపటిని కాలితో ఆవిడ వైపు జరిపాను. ఆవిడ అటు చూడలేదు. నేనూ వెనక్కి లాక్కోలేదు. మా ఇద్దరి మధ్యా నిప్పులు మెల్లగా ఆరిపోయాయి.