ముందు ఇచ్చేటిది

పెనం మీద జొన్నరొట్టె పొంగుతుండగా కరుణశ్రీ తన మీద పడ్డ నేరాన్ని తన చెవులతోనే విన్నది. ముందుగదిలో ఆమె భర్త ప్రేమ్‌చంద్ ఫోన్లో మాట్లాడుతున్నాడు. అవతల సేటు గంగాకిషన్ అరుపు వంటింటి దాకా వినిపిస్తోంది.

"మూడు జాగల ఫైళ్లు ఒక్కపారే ఎట్ల పోతయ్‌రా?"

"నేను కాదు సేటూ. ఇంట్ల మా ఆమె ముట్టుకున్నది. ఆడోళ్లకేం ఎరుక, ఏదో ఒత్తింది."

రొట్టె మాడింది. "సోయి యాడున్నదే పిల్లా?" అని గయ్యిమన్నది అత్త ఎంకవ్వ. "పొద్దస్తమానం గా కంప్యూటర్ల మొఖం పెడితే రొట్టెలు మాడక ఏమైతయ్!"

అబ్బ, ఆ కంప్యూటర్! గంగాకిషన్‌ది పసుపు వ్యాపారం. రైతుల సరుకులో తేమెంత, రంగెంత అని డిచ్‌పల్లి ల్యాబులో పరీక్ష చేస్తారు. ఆ రిపోర్టు చూసి పెర్కిట్ గోదాములో ఏ బస్తా ఏ వరుసలో పెట్టాలో చూసుకుంటారు. ఆర్మూర్ ఆఫీసులో అదే కాగితం కొనేవాళ్ల ముందు పెడతారు. మూడు చోట్లా మూడు లైనక్స్ మిషన్లు, మూడింటిలోనూ అవే ఫైళ్లు ఉండాలి. ఒకదాంట్లో పాతది, ఒకదాంట్లో కొత్తది ఉందంటే బస్తాలు కలగాపులగం. ఈ మూడింటినీ ఒక్క తీరుగా ఉంచే మనిషి ప్రేమ్‌చంద్ అని ఊరంతా అనుకుంటుంది. అతని బల్ల మీద సిస్టమ్ ఇన్‌చార్జి అని చెక్కబోర్డు కూడా ఉంది. కానీ డిగ్రీలో కంప్యూటర్లు చదివింది కరుణశ్రీ. నాలుగేళ్లుగా పప్పు కుక్కర్ పొయ్యి మీద పెట్టి, మూడు విజిల్స్ వచ్చేలోపు ఇంటి లాప్‌టాప్ నుంచి ఆ పని చేస్తున్నది ఆమే. మిషన్లలో ఆమె రాసిపెట్టిన జాబితాలో మూడు ఊళ్ల పేర్ల కింద నాలుగో పేరు 'ఇల్లు'. "బయట చెప్పకు, పెండ్లం మీద బతుకుతుండంటరు" అని అతను మొదట్లోనే ఒట్టు వేయించుకున్నాడు. పిచ్చిమొహం, ఆమె వేసింది.

అతనికి నేర్పించాలని చూడకపోలేదు. "రెండు పేర్లు రాయాలె. ముందు ఇచ్చేటిది, ఎన్క తీసుకునేటిది. ఇచ్చేదాంట్ల ఏది లేకుంటే, తీసుకునేదాంట్ల కూడ అది పోతది. జర పైలం" అని ఎన్నిసార్లు చెప్పిందో. "నాకు చెప్తున్నవా?" అనేవాడు. నిన్న పెర్కిట్ మిషన్‌కు కొత్త డిస్క్ వేశారు. అది ఖాళీది. సేటు పక్కన నిలబడి చూస్తుంటే ఈయనకు గొప్ప చూపించుకోవాలనిపించింది. పెర్కిట్ పేరును ముందు రాశాడు. ఖాళీ మిషన్ తన ఖాళీతనాన్నే ఆర్మూర్‌కు ఇచ్చింది, డిచ్‌పల్లికి ఇచ్చింది, చివరికి ఇంటికీ ఇచ్చింది.

నిన్న సాయంత్రమే లాప్‌టాప్ తెరవగానే ఆమెకు సంగతి అర్థమైంది. ఎవరు, ఎప్పుడు, ఏం చేశారో మిషన్ రాసిపెట్టుకుంటుంది కదా. భర్త వాడిపోయిన ముఖం చూసి పాపం అనుకుని నోరు మూసుకుంది. ఆ జాలికి తెల్లారేసరికి దక్కిన బహుమానం ఇది. పోయిన నెలలో డిచ్‌పల్లి ల్యాబులో ఆపరేటర్ ఉద్యోగం ఖాళీ అయితే ఆమె అర్జీ పెట్టుకుంది. తన పేరుతో, తన సంతకంతో. సేటు "చూద్దాం చెల్లె" అన్నాడు. ఇవాళ్టి నుంచి ఆ పేరు వినగానే మూడు మిషన్లను ముంచిన ఆడది అని గుర్తొస్తుంది.

ప్రేమ్‌చంద్ గడపలోకి వచ్చాడు. "కరుణా, జర సూడు, ఏమన్న మిగిలినయా?" అవసరం పడితేనే ఆమె కరుణ, లేకపోతే ఏమే.

మిగిలాయి. ప్రతి ఆదివారం చర్చి నుంచి రాగానే అన్నిటినీ వేరే డిస్క్‌లోకి ఎక్కించి, తీగ పీకేసి, కుట్టుమిషన్ సొరుగులో దారపుకండెల మధ్య పెడుతుంది. ఇవాళ మంగళవారం. నిన్నటి రిపోర్టులు తప్ప అన్నీ అందులో ఉన్నాయి.

"ఉన్నయ్" అన్నది. అతని ముఖం విచ్చుకుంది.

"ఇయ్యి మరి!"

"నేనే తెస్త."

"నువ్వెందుకు? మళ్ల ముట్టుకున్నదంటడు సేటు."

"ముట్టుకున్నది నేను కాదని చెప్పనీకే వస్తున్న."

"మొగని ఇజ్జత్ బజార్ల పెడ్తవా?" ఎంకవ్వ వెనక నుంచి అంటూనే ఉంది. కరుణశ్రీ చేతులకంటిన పిండి కడుక్కుని ఆటో ఎక్కింది, వెనకే ప్రేమ్‌చంద్ కూడా.

పెర్కిట్ గోదాములో సేటు కళ్ల ముందే మిషన్ దగ్గర కుర్చీలో కూర్చుంది. డిస్క్‌ను తగిలించి, ముందుగా ఏం జరగబోతుందో చూపించమని మాత్రమే మిషన్‌ను అడిగింది. వరుసలన్నీ చదివి, ఇచ్చేది ఏదో తీసుకునేది ఏదో రెండుసార్లు చూసుకుని, అప్పుడు నొక్కింది. గంటలోపు మూడు ఊళ్లూ నిండాయి. తర్వాత నిన్నటి రాత తెరిచి సేటుకు చూపించింది. సాయంత్రం నాలుగుంబావు, పెర్కిట్ మిషన్, ప్రేమ్‌చంద్. డిస్క్‌లో ఉన్న నాలుగేళ్ల రాతల్లో మాత్రం అన్నిచోట్లా ఇల్లు, కరుణశ్రీ.

సేటు చదివాడు. ప్రేమ్‌చంద్ వైపు చూశాడు. నవ్వాడు.

"సరే తియ్యి. ఆలుమొగలు మీరు. ఎవరు చెడగొడ్తేంది, ఎవరు బాగు చేస్తేంది? ఒక్క ఇంటి పనే."

"నా అర్జీ సేటూ?"

"మొగుడు ఇన్‌చార్జి ఉండంగ నీకెందుకమ్మా వేరే నౌకరి? ఇంట్లకెల్లి చేస్తనే ఉన్నవ్ గదా, మంచిగ!"

నిర్దోషినని రుజువు చేసుకుంది, బాగానే ఉంది. ఆ రుజువుతోనే తాను ఎంత చవకో కూడా చెప్పేసినట్టయింది. నాలుగేళ్ల పని చూపిస్తే ఉద్యోగం వస్తుందనుకుంది. ఉత్తగా వచ్చేదానికి ఉద్యోగం ఎవరిస్తారు? ఏడుపొచ్చింది. ఇక్కడ ఏడిస్తే అదీ ఇంటి పనుల్లోనే కలిపేస్తారు. మింగేసింది.

మళ్లీ మిషన్ వైపు తిరిగి జాబితా తెరిచింది. ఆర్మూర్, పెర్కిట్, డిచ్‌పల్లి, ఇల్లు. చివరి పేరు తీసేసింది. ఇంటి లాప్‌టాప్‌ను లోపలికి రానిచ్చే తాళంచెవులు మూడు మిషన్లలోనూ చెరిపేసింది. "డిస్క్ మీ దగ్గర్నే ఉంచుకోండ్రి సేటూ. ఇంటి పేరు తీసేసిన" అని లేచింది.

"మరి రేపు పొద్దుగాల ఎట్లనే?" అన్నాడు ప్రేమ్‌చంద్ పళ్ల మధ్య నుంచి. మిగిలిన కోపాన్ని ఇంటి కోసం దాచుకున్నాడు. తలుపు వేశాక అది ఎట్లా బయటికొస్తుందో ఆమెకు కొత్త కాదు.

"ముందు ఇచ్చేటిది రాయాలె" అన్నది కరుణశ్రీ చెప్పులు తొడుక్కుంటూ. "నేను ఇగ ఇయ్య."