జూనియర్ ఫీజు

నల్లకోటు వేసుకున్న మనిషి జేబు ఎప్పుడూ బరువుగా ఉంటుందని మా ఊరివాళ్ళ నమ్మకం. ఆ నమ్మకానికి ఏడేళ్ళుగా నేను జరిమానా కడుతున్నాను. కూరలమ్మే ఆవిడ నాకు కొసరు వెయ్యదు. ఆటోవాడు నన్ను చూడగానే రేటు పెంచుతాడు. మా ఆడపడుచు అయితే వాళ్ళ అద్దెయింటి అడ్వాన్సు నన్ను అడక్కుండానే నా పద్దులో వేసేసింది. "లాయరుగారికి ఇదో లెక్కా" అంటారు అందరూ. లెక్కేనండీ. చాలా పెద్ద లెక్క.

అసలు సంగతి మా ఇంట్లోవాళ్ళకి తెలుసు. మా ఆయనకి కోర్టు గేటు ఎదురుగా జిరాక్స్ కొట్టుంది. నేను నడుం పడిపోయేలా కూర్చుని ఒక పిటిషన్ రాస్తే, దాన్ని ఐదు సెట్లు తీసి పిన్ను కొట్టినందుకు ఆయనకి వచ్చేది, రాసినందుకు నాకు వచ్చేదాని కంటే ఎక్కువ. "కాస్త పొడుగ్గా రాయవోయ్ లాయరమ్మా, పేజీలు పెరిగితే ఇల్లు గడుస్తుంది" అని ఏడిపిస్తుంటాడు. నవ్వేసి వంటగదిలోకి వెళ్తాను. అక్కడ ఒళ్ళు మండుతుంది. అత్తయ్య మాత్రం వీధిలో నా పరువు ఒక్క పిసరు తగ్గనివ్వదు. "మా కోడలు నోరు తెరిస్తే డబ్బే" అని పక్కింటావిడతో చెప్పి, లోపలికొచ్చి నా బస్సు పాసుకి తన కొంగుముడి విప్పుతుంది.

నేను పనిచేసేది పెద్దాయన దగ్గర. ఊళ్ళో ఎవరూ ఆయన్ని పేరు పెట్టి అనరు. ఆయన ఆఫీసులో గోడలనిండా అద్దాల బీరువాలు, మధ్యలో పడవంత బల్ల, ఆ బల్ల చివర ఫ్యాను గాలి అందని మూల నా స్టూలు. కుర్చీలు క్లయింట్లవి. జూనియర్లకి జీతం ఉండదు, "నేర్చుకోవడం" ఉంటుంది. నెల మొదట్లో గుమస్తా ఏదో ఒక కేసు కట్టలో పాత కవరు దూర్చి నా ముందుకి తోస్తాడు. దాన్ని పెట్రోలు ఖర్చు అంటారు. నాకు బండి లేదు. ఆ కవరు అక్కడ విప్పకూడదు, లెక్కపెట్టకూడదు, అందులో ఎంతుందో పక్క ఆఫీసు జూనియర్‌తో కూడా అనకూడదు. "ఫర్లేదు సార్, ఇప్పుడెందుకు" అని మాత్రం తప్పకుండా అనాలి. ఎవరూ నేర్పకుండానే అందరం ఆ మాట నేర్చుకున్నాం.

ఇలా ఉండగా వడ్రంగి కేసు గెలిచాం. ఆయన దుకాణం ఖాళీ చేయించాలని ఇంటి యజమాని వేసిన కేసు అది. కాగితం మొదలు వాదన దాకా నేనే చేశాను. పెద్దాయన ఆఖరి రోజు లేచి, "మిగతాది మా జూనియర్ చెప్తుంది" అని కూర్చున్నారు. ఆ తర్వాత వారం ఒక పొద్దున వడ్రంగి కొత్త టేకు కుర్చీ ఒకటి భుజాన పెట్టుకుని ఆఫీసు వరండాలోకి వచ్చాడు.

"మీకేనమ్మా. వచ్చినప్పుడల్లా చూస్తున్నా, ఆ స్టూలు మీద ఎలా కూర్చుంటారో ఏమో."

"అయ్యో, ఇప్పుడివన్నీ ఎందుకండీ" అన్నాను.

"మీ ఫీజు ఇచ్చుకోవడం మాత్రం కష్టమైందమ్మా. అబద్ధం చెప్పను. ఒక వాయిదాకైతే మా ఆవిడ కుట్టుమిషను తాకట్టు పెట్టా. కానీ మీరు పని అలా చేశారు."

"నా ఫీజేంటి?"

"అదేనమ్మా, జూనియర్ ఫీజు. అయ్యగారి ఫీజు వేరు, మీది వేరు. వాయిదా వాయిదాకీ గుమస్తాగారు విడిగా అడిగి తీసుకునేవారుగా."

ఒక ఇంట్లోంచి కుట్టుమిషను నా పేరు మీద తాకట్టుకి వెళ్ళింది, నాకు ఆ ముక్క కూడా తెలీదు. గుమస్తా వైపు చూశాను. ఆయన టేబులు సొరుగులో ఏదో పోయినట్టు వెతకడం మొదలుపెట్టాడు.

ఆ మధ్యాహ్నమే లా కాలేజీలో సభ. చిన్న ఊళ్ళలో లాయరు వృత్తికి ఉన్న అవకాశాల మీద పెద్దాయన ప్రసంగం. కొత్త జూనియర్లు కావాలి కాబట్టి నన్ను కూడా వెంటబెట్టుకుని వెళ్తున్నారు, కొట్టు ముందు కట్టిన శాంపిల్ చీరలాగా. కార్లో ఆ మాట నేనే ఎత్తాను.

"సార్, వడ్రంగి జూనియర్ ఫీజు కట్టానంటున్నాడు."

పెద్దాయన కిటికీలోంచి బయటికి చూశారు. "అది ఆఫీసు పద్ధతమ్మాయ్. కరెంటు, కాగితాలు, నువ్వు కూర్చునే స్టూలు, ఇవన్నీ ఎక్కణ్ణుంచి వస్తాయనుకున్నావ్?"

"నా పేరు చెప్పి తీసుకున్నారు సార్."

"నీ పేరెవరు చెప్పారు? జూనియర్ అన్నాం అంతే." ఆ వెంటనే గొంతు మెత్తబరిచారు. "మా సీనియర్ దగ్గర నేను తొమ్మిదేళ్ళు చేశాను. పైసా ఎరగను. నీకేం, మీ ఆయనకి కొట్టుంది. ఇవాళ పిల్లల ముందు నాలుగు మంచి మాటలు చెప్పు. మంచివాళ్ళు ఇద్దరు దొరికితే నీకే పని తేలికవుతుంది."

ఫర్లేదు సార్ అనే మాట అలవాటుగా నాలుక చివరికి వచ్చింది. మింగేశాను. చేదుగా ఉంది.

సభలో ఆయన బాగా మాట్లాడారు. ఎప్పుడూ బాగానే మాట్లాడతారు. ఈ వృత్తికి హద్దు లేదన్నారు, ఓపిక పట్టినవాడి ఇంటికి డబ్బు దారి అడుక్కుంటూ వస్తుందన్నారు. చివర్లో ప్రశ్నలడగమన్నారు. వెనక వరసలోంచి, బట్టతో కుట్టిన సంచీ ఒళ్ళో పెట్టుకున్న ఒక అమ్మాయి లేచింది.

"సార్, హద్దు సంగతి కాదు. మొదటి అయిదారేళ్ళు నెలకి నిజంగా ఎంతొస్తుంది? ఇంట్లో చెప్పాలి, అందుకని."

హాలంతా నవ్వింది. పెద్దాయన కూడా నవ్వి, మైకు నా వైపు జరిపారు. "మా జూనియర్ ఉందిగా. తనే చెప్తుంది."

మైకు పట్టుకున్నాను.

"మీ కాలేజీ గేటు దగ్గర వాచ్‌మన్ ఉన్నాడు కదా. ఆయన జీతం కనుక్కోండి. అందులో మూడో వంతు నాకొస్తుంది. ఏడేళ్ళ తర్వాత సంగతి చెప్తున్నాను. మొదటి రెండేళ్ళు అదీ లేదు."

ఎవరో కిసుక్కుమన్నారు. నేను నవ్వకపోయేసరికి ఆగిపోయారు.

"మన కోర్టులో వందల మందిమి ఉన్నాం. అందులో ఓ పదిమందికి మేడలున్నాయి. నిజమే, మీరు చూసేది వాళ్ళనే. మిగతావాళ్ళం ఒక అఫిడవిట్టు, ఒక నోటీసు, ఒక అద్దె అగ్రిమెంటు, వాటితో నెట్టుకొస్తాం. గెలిచిన క్లయింటు కనబడకుండా పోతాడు, ఓడిన క్లయింటు తిట్టిపోతాడు. నేనిలా కోటు వేసుకుని మీ ముందు నిలబడ్డానంటే, అది మా ఆయన కొట్టు దయ. ఇంట్లో ఈ మాట చెప్పండి. చెప్పాకే చేరండి."

"అమ్మాయ్" అన్నారు పెద్దాయన, పళ్ళ మధ్యనుంచి.

"ఇంకొక్కటి సార్. పిల్లలూ, మీరు ఎవరి దగ్గర చేరినా, క్లయింటు దగ్గర జూనియర్ ఫీజు తీసుకుంటున్నారా అని మొదటి రోజే అడగండి. తీసుకుంటే అది మీ చేతికి రావాలి. నాది ఏడేళ్ళు వసూలైంది. వసూలైందని నాకు ఇవాళ పొద్దున తెలిసింది."

పెద్దాయన మైకు లాక్కున్నారు. "మా జూనియర్‌కి హాస్యం పాలు ఎక్కువ."

"హాస్యం కాదు సార్" అన్నాను. మైకు లేకుండానే వినబడింది. కోర్టులో అలవాటైన గొంతు. "మీ దగ్గర పని నేర్చుకున్నాను, ఆ కృతజ్ఞత చచ్చేదాకా ఉంటుంది. కానీ కృతజ్ఞత వేరు, కూలి వేరు."

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. బయట టీ ఏర్పాటు చేశామని ప్రిన్సిపాల్ హడావిడిగా ప్రకటించాడు. పెద్దాయన కారు నేను మెట్లు దిగేలోపే వెళ్ళిపోయింది. బస్సులో ఇంటికొచ్చాను.

జరిగింది విని అత్తయ్య నుదురు కొట్టుకుంది. "ఇప్పుడు వీధిలో నేనేం చెప్పుకోవాలే?"

"ఉన్నది చెప్పండి అత్తయ్యా."

కాస్త ఆలోచించింది. "చెప్తాను. నా కోడలి కష్టం ఆ పెద్దమనిషి నొక్కేశాడని చెప్తాను. నాకేం భయమా?" సాయంత్రానికి వీధి మొత్తం చెప్పేసింది కూడా.

మర్నాడు ఆఫీసుకి వెళ్తే నా పుస్తకాలు ఒక అట్టపెట్టెలో, వడ్రంగి కుర్చీ దాని పక్కన, రెండూ వరండాలో ఉన్నాయి. గుమస్తా గడపకి అడ్డంగా నిలబడి, "రావద్దన్నారమ్మా" అన్నాడు. మరో ఆఫీసులో చోటు అడిగాను. అందరూ కుశలప్రశ్నలు వేశారు, ఎవరూ స్టూలు చూపించలేదు. "పోయి కాళ్ళ మీద పడరాదూ, ఆయన మనసు వెన్న" అని ఒక పెద్ద లాయరు సలహా ఇచ్చాడు. ఆ వెన్న నేను ఏడేళ్ళు చూశానని చెప్పి బయటికొచ్చాను.

వరండాకి తిరిగొచ్చి, పెట్టె చంకలో, కుర్చీ నెత్తిన పెట్టుకుని రోడ్డు దాటాను. మా ఆయన ఎదురొచ్చి కుర్చీ దించాడు. జిరాక్స్ మిషను పక్కన కాగితాల కట్టలు జరిపి, కుర్చీ పట్టేంత జాగా చేశాడు. "ఆఫీసు అద్దె ఎంత ఇస్తావ్?" అన్నాడు. అప్పుడు ఏడుపొచ్చింది నాకు. మిషను చప్పుడులో ఎవరికీ వినబడలేదు.

రోజులు గడిచాయి. ఎవరూ రాలేదు. వచ్చినవాళ్ళు ఆధార పత్రాలు కాపీ తీయించుకుని, నన్ను పిన్నులు కొట్టమనేవారు. కొట్టేదాన్ని. కోటు ఇక పెట్టెలో పెట్టెయ్యాలేమోనని లోపల గుబులుగానే ఉండేది. ఒకరోజు బట్టసంచీ అమ్మాయి కొట్టు ముందు నిలబడింది.

"మేడం, పరీక్షలైపోయాయి. మీ దగ్గర జూనియర్‌గా చేరొచ్చా?"

"ఎంతొస్తుందో ఆరోజు చెప్పాను కదమ్మా. చెవిన పడలేదా?"

"పడింది కాబట్టే వచ్చాను. నిజం చెప్పినవాళ్ళు మీరొక్కరే. ఇంట్లో కూడా చెప్పేశాను. తిట్టి ఒప్పుకున్నారు."

ఆ వారమే వడ్రంగి కూడా పరుగున వచ్చాడు. ఇంటి యజమాని పై కోర్టుకి వెళ్ళాడు. కేసు నేనే చూడాలని వడ్రంగి పట్టుబట్టాడు. నాకు కావలసింది అదే. కానీ మా కోర్టుల్లో లాయరుని మార్చాలంటే, తనకేమీ అభ్యంతరం లేదని పాత లాయరు కొత్త వకాల్తా మీద సంతకం పెట్టాలి. ఆ సంతకం రాకపోతే వడ్రంగి దుకాణం కేసు పెద్దాయన చేతిలోనే ఉంటుంది, నేను పిన్నులు కొట్టుకుంటూ ఉంటాను. కోటు దులిపి వేసుకుని, వడ్రంగినీ ఆ అమ్మాయినీ వెంటబెట్టుకుని వెళ్ళాను.

కుర్చీలనిండా క్లయింట్లు. పెద్దాయన తలెత్తలేదు. "ఇతను నాకింకా బాకీ ఉన్నాడు. అది తీరాక సంతకం."

"ఏం బాకీ సార్?"

గుమస్తా గొంతు సవరించుకున్నాడు. "చివరి రెండు వాయిదాల జూనియర్ ఫీజండీ."

వడ్రంగి ఏదో అనబోతే చేత్తో ఆపాను. నాకు ఒక్కసారిగా మనసు తేలికైపోయింది.

"సరే సార్. ఆ ముక్కే కాగితం మీద రాసివ్వండి. జూనియర్ ఫీజు బాకీ అని. ఆ కేసులో జూనియర్‌ని నేనే కాబట్టి, నాకు ముట్టిందని రసీదు నేనే రాసిస్తాను. దాంతోపాటు ఇంతకుముందు వాయిదాలవి కూడా రాయండి, వాటికీ రసీదులు నేనే ఇవ్వాలిగా. ఎవరికి ముట్టాయో చూసుకుని ఇస్తాను."

కుర్చీల్లోని క్లయింట్లు ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. వాళ్ళలో ఒకావిడ గుమస్తాని అడగనే అడిగింది: "అయితే మేం కట్టేది ఎవరికండీ?"

పెద్దాయన కళ్ళజోడు తీశారు, తుడిచారు, మళ్ళీ పెట్టుకున్నారు. పెన్ను తీసి సంతకం చేశారు. కాగితం నా వైపు తోస్తూ, "ఈ తెలివితేటలన్నీ నా దగ్గర నేర్చుకున్నవే" అన్నారు.

"అవును సార్. అందుకే ఇన్నాళ్ళు పట్టింది" అన్నాను.

కొట్టుకి తిరిగొచ్చాక వడ్రంగి ఫీజు తీశాడు. పాత అలవాటు కొద్దీ రెండు భాగాలు చేసి కౌంటరు మీద పెట్టాడు. "ఇది మీదమ్మా. ఇది జూనియర్‌ది."

రెండో భాగం తీసి ఆ అమ్మాయి ముందు పెట్టాను. కాపీలకి నిలబడ్డవాళ్ళందరూ చూస్తున్నారు. దాని ముఖం ఎర్రబడింది. చెయ్యి చాపలేదు.

"ఫర్లేదు మేడం, ఇప్పుడెందుకు..."

"ఆ మాట ఈ కొట్లో ఇంకోసారి అన్నావంటే ఊరుకోను" అన్నాను. "తీసుకో. ఇక్కడే, అందరి ముందూ లెక్కపెట్టుకో."

మా ఆయన మిషను ఆపాడు. ఆ అమ్మాయి వేలు తడి చేసుకుని, పైకి వినబడేలా లెక్కపెట్టడం మొదలుపెట్టింది.