భట్టీ దాహం

ఉక్కు ఫ్యాక్టరీలో భట్టీ ముందు ఉద్యోగమంతా చేసినవాడికి దాహం వెయ్యక మరెవరికి వేస్తుంది, అనుకుంటూ ఆదిబాబు డాక్టరమ్మ బల్ల మీది నీళ్ల సీసానే చూస్తున్నాడు, ఆవిడ హిందీలో షుగరంటోంది, ఎన్నో ఏళ్లుగా ఉన్నట్టుంది బాబా, గుండెపోటొచ్చి రక్తం తీస్తేగానీ బయటపడలేదు అంటోంది, ఎవరి రక్తం, తనదా, కొలిమి వేడికి గ్లాసుల కొద్దీ ఉప్పునీళ్లు తాగినవాడికి షుగరెక్కడిది, రిటైరయ్యాక కూడా దాహం తీరకపోతే భట్టీ ఇంకా కడుపులో చల్లారలేదనేవాడు, తను వంగి తాగితే సువర్ణరేఖ నది రెండడుగులు కిందికి దిగిపోయిందని చెబితే తముండే సీతారాండేరా బస్తీలో అరుగులన్నీ నవ్వలేక పొట్టలు పట్టుకునేవి, పక్కన పెళ్లాం చిలకమ్మ మాత్రం నవ్వేది కాదు, ఇప్పుడూ నవ్వడం లేదు, రేత్రల్లా లేత్తానే ఉంటాడమ్మా, ఏటయ్యా అంటే భట్టీ వేడి దిగతందంటాడు, అని డాక్టరమ్మకి చాడీలు చెబుతోంది.

కాలు చూపించమంటోంది ఆవిడ, మడమ దగ్గర పుండు, ఇదెప్పటిది, తనకి తెలియదే, అప్పుడెప్పుడో నిప్పురవ్వ బూటులో పడి కాలినా చురుక్కుమనలేదు, ఉక్కుకాలురా నాది అని మీసం తిప్పాడు, అది ఉక్కు కాదట, నరాలు మొద్దుబారడమట, గుండె నొప్పి తెలియనిదీ అందుకేనట, మళ్లీ వస్తే అదీ చప్పుడు చెయ్యకపోవచ్చట, మందులు, సూది, తిండి జాగ్రత్తగా చూసుకుంటే చాలా ఏళ్లు ఉంటారు, లేకపోతే నేను చెప్పలేను బాబా, చెప్పలేనంటే ఏటి, ఎన్నాళ్లని, మరి ఇన్నాళ్లూ భట్టీ ముందు నిలబడ్డది తనా, తన రోగమా, ఏది బలం, ఏది జబ్బు, దేనికి మీసం తిప్పాలి, దేనికి భయపడాలి, ఒంట్లో దొంగ దూరినా కుక్క మొరగకపోతే యజమానికెలా తెలుస్తుంది.

గుండెపోటొచ్చిన ఆ పొద్దు మటుకు తను గ్యాసే అన్నాడు, సోడా తెమ్మన్నాడు, నొప్పేం లేదే అన్నాడు, అది అబద్ధం కూడా కాదు, చిలకమ్మ చెమటకి తడిసిన చొక్కా పట్టుకు చూసింది, నీ మాటకేటిలే, లెగు, అని ఆటో పిలిచింది, ఇన్నేళ్ల కాపురంలో తన మాట ఒక్కటీ నమ్మని మనిషి, అదే తనకెప్పుడూ చిన్నతనంగా ఉండేది, ఇప్పుడు ఆమె వంగి కళ్లద్దాలు సర్దుకుని ఆ మడమే చూస్తోంది, ఆ ఒక్క పూట నమ్మి ఉంటే తనీపాటికి ఉండేవాడు కాదు, ఇక ముందూ నమ్మకూడదు, ఒళ్లు చెప్పనిది ఆమె చూసి చెబితేనే తను బతికేది, అని తోచి ఆదిబాబు రెండో కాలు కూడా చెప్పులోంచి తీసి ఆమె ముందుకు చాపాడు.