ఎర్రపట్టు గులాబీలు

ధర్మవరంలో ఆ వీధిలో ఏ ఇంట్లో శుభకార్యం తలపెట్టినా గది సింగారించడానికి అనసూయమ్మను పిలవాల్సిందే. చీర కోసి మగ్గం మీంచి దించాక మిగిలే పట్టుపోగులు ఎవరికీ అక్కరకు రావు. ఆమె మాత్రం వాటిని పారేయనిచ్చేది కాదు. సన్నటి తీగకు చుట్టి, కత్తెరతో కొసలు కత్తిరించి, బొద్దుగా బంతిపూలు చేసేది. వాటిని వరసగా గుచ్చితే సున్నం గోడకు కొత్త కళ వచ్చేది. ఏళ్ళ తరబడి ఆ వీధి పెళ్ళికూతుళ్ళంతా ఆమె పూల కిందే కూర్చున్నారు. ఆ సంగతి అందరూ మరిచిపోయినా అనసూయమ్మ మరిచేది కాదు.

మరిది పెళ్ళాం గంగాదేవి ఆ ఇంటికి చిన్నకోడలిగా కాపురానికి వచ్చేదాకా అంతా బాగానే ఉండింది.

గంగాదేవిది హిందూపురం. నాయన అంగడి పెట్టుకున్నాడు గానీ ఇంట్లో మగ్గం లేదు. రంగు తొట్టి ఎట్లుంటుందో కూడా ఆ పిల్లకు తెలియదు. పూలు చేయడం మాత్రం తెలుసు. రంగు కాగితాన్ని రేకులుగా కత్తిరించి, ఒక్కో రేకు అంచును జడపిన్నుకు చుట్టి వంచి, కరిగించిన కొవ్వొత్తి మైనంలో ముంచి తీసేది. అవి గులాబీలంటే గులాబీలే. ఊరికి కరెంటు వచ్చిన కొత్త. బల్బు వెలుగులో ఆ పూలు నిగనిగలాడుతుంటే చూడవచ్చిన ఆడవాళ్ళు ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసేవాళ్ళు. పొరుగింటి పుల్లకూర రుచి అని అనసూయమ్మ సరిపెట్టుకోబోయింది. అయితే ఈ పుల్లకూర పొరుగింటిది కాదు, తన ఇంట్లోదే. తన వంటింట్లో తిని తన నడవలో పడుకునే పిల్ల. కడుపు మండిపోయింది.

మండిన కడుపులో కిరసనాయిలు పోసింది కన్నకూతురు. కుళ్ళాయమ్మకు పెనుకొండ సంబంధం కుదిరింది. తాంబూలాలకు ముహూర్తం పెట్టారు. అనసూయమ్మ అటక మీది పట్టుపోగుల మూట దించి, దుమ్ము దులిపి, తీగ చుట్టలు ముందేసుకుని కూర్చుంది. కుళ్ళాయమ్మ వచ్చి పక్కన కూర్చుంది.

“అమ్మా, ఈసారికి గది చిన్నమ్మను సింగారించనీ. నీ బంతిపూలు అందరిండ్లలో చూసినవే గదా.”

పిల్ల అందులో విషమేమీ పెట్టలేదు. కానీ ఆ మాట సూటిగా పోయి తగలాల్సిన చోట తగిలింది. ఊరంతా వెయ్యి మాటలన్నా అనసూయమ్మ తట్టుకునేది. తన బిడ్డ తాంబూలాలకు తన పూలు పనికిరాకపోయె. అట్లేలే అని మూట మళ్ళీ అటకెక్కించింది.

మర్నాడు గంగాదేవి వచ్చి చేయి చాచింది. కాగితంతో కాకుండా అక్కలాగా పట్టుతోనే చేయాలని ఉందట. ఎర్రపట్టు కొంచెం ఇస్తావా అని అడిగింది. అక్కలాగా అన్న మాటే అనసూయమ్మకు ఇంకా ఒళ్ళు మండించింది. తన విద్య కూడా లాక్కుపోతోందే అనిపించింది.

పెరట్లో గోవిందరాజులు, అంటే అనసూయమ్మ భర్త, ఎర్రరంగు అద్ది తీసిన పట్టు చుట్టలు ఉన్నాయి. తొట్టిలోంచి తీసిన పట్టును నీళ్ళు తేటపడేదాకా జాడించాలి. జాడించకుండా ఆరబెట్టినా చూడ్డానికి బాగానే ఉంటుంది. తడి తగిలిందంటే మాత్రం రంగు కారుతుంది. ఇది నేతవాళ్ళ ఇంట్లో చంటిపిల్లకు కూడా తెలుసు, హిందూపురం అంగడాయన కూతురికి తెలియదు. అనసూయమ్మ జాడించని చుట్ట ఒకటి తీసి, నీడన ఆరబెట్టి, తోడికోడలి చేతిలో పెట్టింది.

తాంబూలాల నాడు పన్నీరు చల్లుతారు. పూల మీద నాలుగు చుక్కలు పడతాయి, రంగు కారుతుంది, హిందూపురం పనితనం ఏపాటిదో నలుగురూ చూస్తారు. ఆమె ఆలోచన అంతవరకే పోయింది. ఓర్వలేనితనానికి అంతకు మించి చూపు ఆనదు.

ఆ రోజు గదిలోకి అడుగుపెట్టిన వాళ్ళంతా గుమ్మంలోనే నిలబడిపోయారు. గోడ నిండా ఎర్రపట్టు గులాబీలు, మధ్యమధ్య ఆకుపచ్చ కాగితపు ఆకులు. ఎంత బాగున్నాయంటే, అనసూయమ్మకు ఏడుపొచ్చింది. పెనుకొండ వియ్యపురాలు నేరుగా పోయి ఆ పూల కిందే కూర్చుంది. ఆమె కట్టుకున్నది మీగడరంగు పట్టుచీర.

అప్పటికి గాని అనసూయమ్మకు అసలు సంగతి తట్టలేదు. మగపిల్లవాడి తల్లి చీర మీద ఎర్రటి చారలు పడితే అపశకునమంటారు, లేచి వెళ్ళిపోతారు. పోయేది గంగాదేవి పరువు కాదు, కూతురి సంబంధం.

“వదినా, ఈడ గాలి ఆడదు. ఇట్లొచ్చి కూచో” అని బతిమాలింది.

“ఈడే బాగుండాదిలే వదినా. ఈ పూలు ఇడిసిపెట్టి యాడికి వస్తా?” అంది ఆమె.

పన్నీరు బుడ్డి అనసూయమ్మ చేతిలోనే ఉంది. చేయి లేవలేదు. అక్క అలిసిపోయినట్టుందని గంగాదేవి వచ్చి బుడ్డి తీసుకుంది. వచ్చినవాళ్ళ మీద చల్లింది, తన పూల మీద ఇంకో రెండు విసుర్లు ఎక్కువే చల్లింది. అనసూయమ్మ కళ్ళు మూసుకుని పెనుకొండ దర్గా బాబయ్యకు మొక్కుకుంది.

కళ్ళు తెరిచి చూస్తే రేకుల కొసల్లో నీటి బొట్లు తళతళలాడుతున్నాయి. ఒక బొట్టు జారి వియ్యపురాలి భుజం మీద పడింది. తేటనీళ్ళు. మీగడరంగు మీగడరంగుగానే ఉంది.

తాంబూలం ఇవ్వడానికి కుళ్ళాయమ్మ వచ్చి వంగింది. వియ్యపురాలు ఆ పిల్ల చేతులు పట్టుకుని తిప్పి చూసింది. అరచేతులు, వేళ్ళు, మణికట్టు దాకా ఎర్రగా ఉన్నాయి.

“గోరింట ఎంత బాగా పండిందే తల్లీ. ఎవురు పెట్టినారు?”

కుళ్ళాయమ్మ తలెత్తి తల్లి వైపు చూసింది.

“మాయమ్మ.”

ఆ ఇంట్లో ఆ వారం ఎవరూ గోరింటాకు నూరలేదు. ఆ ఎరుపు ఎక్కడిదో అనసూయమ్మకు అర్థమైంది.

చుట్టాలు వెళ్ళాక తల్లీకూతుళ్ళు పెరట్లో బావి దగ్గర మిగిలారు. కుళ్ళాయమ్మే నోరు తెరిచింది.

“చిన్నమ్మకు ఏమీ తెలీదులేమ్మా. కొత్తపట్టును బాయి కాడ ఒగసారి జాడించేది మన ఇంటి ఆనవాయితీ అని చెప్పినా. నీళ్ళు తేటపడేకి శానాసేపు పట్టె.”

“మీ నాయనిచ్చింటే జాడించుందువా?”

“లేదు” అంది కుళ్ళాయమ్మ. “నువ్విచ్చినావని తెలిసే జాడించినా.”

లోపల గదిలో ఎవరో పక్కింటావిడ గంగాదేవిని ఇంకా పొగుడుతూనే ఉంది. అనసూయమ్మకు ఇంకా కడుపు మండుతూనే ఉంది. అదే ఆమెకు మరీ సిగ్గనిపించింది. కుంకుడుకాయలు చితక్కొట్టి, నురగ తీసి, కూతురి చేతులు ఒళ్ళో పెట్టుకుని రుద్దసాగింది. ఎంత రుద్దినా ఎరుపు వదల్లేదు.

“నాలుగుదినాలు ఉంటాదిలేమ్మా” అంది కుళ్ళాయమ్మ. చేతులు మాత్రం వెనక్కి తీసుకోలేదు.