లోపలికి తెచ్చిన తుపాకి

ఇవాలు కిటికీలోంచి తుపాకి గొట్టం బయటికి పెట్టి మీట నొక్కింది. పేలలేదు. లోపలెక్కడో నీరసంగా టిక్కుమంది, అంతే.

ఎదురుగా మాంసం ఆరేసే మంచె మీద ఆమె మొగుడు పావియా ఇరుక్కుపోయి ఉన్నాడు. కింద తెల్ల ఎలుగు గుంజల్ని ఊపుతోంది. కుక్కల్ని అతని తమ్ముడు మంచుబండికి కట్టుకుపోయాడు. సీలు మాంసం ముక్క తెచ్చేందుకు నాలుగడుగులే కదా అని, ఈ మహానుభావుడు మేజోళ్ళతోనే, ఉత్తచేతులతో వెళ్ళాడు.

"పేలుస్తావా, అలా చూస్తూనే ఉంటావా?" అని మంచె మీంచి అరిచాడు.

"పేలట్లేదు!"

"తుపాకిని గానీ ఇంట్లోకి తెచ్చావా?"

ఇవాలు తెచ్చింది. నిన్న పొయ్యి పక్కన పెట్టి, తుడిచి, నూనె కూడా పట్టించి, మళ్ళీ వసారాలో పెట్టింది. చలికాలం తుపాకి వసారా దాటి లోపలికి రాకూడదు. వెచ్చదనానికి చెమట పట్టి, మళ్ళీ చలిలోకి పోగానే గడ్డకడుతుంది. "నూక్ పట్నం పిల్ల, తుపాకిని పక్కలో పడుకోబెట్టుకుంటుంది" అని అత్తగారి ఎకసెక్కం ఎప్పుడూ ఉండేదే.

"లేదు" అంది.

"అయితే స్ప్రింగు విరిగింది. ఇది పోయేదాకా ఆగడమే."

అది పోలేదు. చలికి పావియా మాటలు ముద్దముద్దగా వస్తున్నాయి. ఇవాలు తుపాకి పట్టుకుని, నోరు మూసుకుని నిలబడింది. పాడు పరువు!

"ఇక లాభం లేదు, దూకుతున్నా. తలుపు తీసిపెట్టు."

"దూకకు! లోపలికి తెచ్చాను! నూనె కూడా పూశాను!" ఇవాలు ఏడ్చేసింది.

"ఓసి నీ... సరే, విను. తూటాలన్నీ తీసెయ్. పిడి ఉన్న బోల్టు మూసి, వెనకాల సేఫ్టీ నిలువుగా పెట్టు. ఇప్పుడు బోల్టు బయటికి లాగి, వెనక మూత తిప్పు. సూది, స్ప్రింగుతో సహా ఊడొస్తుంది."

వచ్చింది. సూది చుట్టూ నూనె, మంచు కలిసి మైనంలా బిగుసుకుపోయాయి. ఇక అది తూటాని ఏం పొడుస్తుంది? ఇవాలు పొయ్యి దగ్గర ఆరబెట్టి, పొడిగుడ్డతో చుక్క లేకుండా తుడిచింది. బయట గుంజ ఒకటి ఫెళ్ళున విరిగింది. మూత బిగించి, బోల్టు దూర్చి, తూటాలు పెట్టి కాల్చింది.

ఎలుగు కూలబడింది. బోల్టు పిడి వెనక్కి లాగగానే కొక్కెం ఖాళీ తూటాని విసిరేసింది. ఇంకోటి కాల్చింది. ఎలుగు కదలడం మానేసింది.

పావియాని దించి, ఈడ్చుకుంటూ లోపలికి తెచ్చింది. మేజోళ్ళు కోసేస్తే వేళ్ళు తెల్లగా పాలిపోయి, గిల్లినా అతనికి తెలియకుండా ఉన్నాయి. చొక్కా ఎత్తి, ఆ పాదాలు రెండూ పొట్టకి అదుముకుంది. ప్రాణం జివ్వుమంది.

"మీ అమ్మతో నేనే చెబుతాను, నా వల్లేనని" అంది.

"తర్వాత చెబుదువులే" అన్నాడు పావియా, కళ్ళు మూసుకుని. "ముందు నా కాళ్ళు కాస్త నీ పొట్టకి ఆనించుకోవే."