నల్లోడి ముద్ద

మిరప కోతలకు వచ్చిన కూలీల్లో యశోదమ్మ చేతి అన్నం తినని మనిషి కారంపూడిలో లేడనేవారు. ఎంతమంది కూర్చున్నా గిన్నె తనే పట్టుకుని, వద్దంటున్నా వినకుండా మరో ముద్ద వడ్డించేది. డెబ్బై దాటాక ఆవిడకు మతిమరుపు పట్టుకుంది. ఊళ్లోవాళ్ల పేర్లు పోయాయి, భర్త చనిపోయిన సంగతే పోయింది. ఎవరికైనా ఇంత పెట్టాలన్న తపన మాత్రం పోలేదు. ఆ పెట్టేదేదో తినడానికి ఇప్పుడు పెరట్లో కుక్క నల్లోడొక్కడే మిగిలాడు.

నల్లోడు కంటబడ్డప్పుడల్లా "అయ్యో, నీకింకా కూడు పెట్టలేదు గదరా" అంటూ లేచేది. పెరుగన్నం, నెయ్యి రాసిన చపాతీ, తన పళ్లెంలోని కూర. కాసేపటికి మళ్లీ అదే మాట. వాడికి మాత్రం వద్దనడం ఏం తెలుసు? ఆ వేసవిలో ఒకరోజు కోడలు రేవతి పొలం నుంచి వచ్చేసరికి వాడు అరుగు ఎక్కలేక, మెట్టు మీదే నాలుక వేలాడేసి కూలబడి ఉన్నాడు.

పశువుల డాక్టరు రిజ్వాన్ వాడి డొక్కల్లో వేళ్లతో తడిమి తల అడ్డంగా ఊపాడు.

"ఎముక చేతికి తగలట్లేదమ్మా. ఇట్నే పెడితే గుండెకు ముప్పు. కొంచెం కొంచెంగా తిండి తగ్గించండి. నెయ్యి, పెరుగు ఇంక వద్దు. చల్లబడ్డాక నిదానంగా నడిపించండి."

ఇంటికొచ్చి రేవతి వంటింటికి గొళ్లెం పెట్టింది. యశోదమ్మ తలుపు కొట్టీ కొట్టీ, గడప మీద చతికిలబడి చిన్నపిల్లలా ఏడ్చింది.

"నోరులేని జీవికి ఇంత పెట్టనియ్యవా? నేనేం పాపం జేశానే?"

రేవతి గొళ్లెం తీసేసింది.

మర్నాటి నుంచి ఇంకో దారి పట్టింది. నల్లోడికి రోజుకు సరిపడా తిండి పొద్దున్నే విడిగా వండేది. అన్నం తగ్గించి, ఉడికించిన సొరకాయ, గుడ్డు కలిపి, గోలీలంత ముద్దలు చేసి అత్తగారి ముందు పెట్టేది.

"ఇయ్యి నల్లోడియి అత్తమ్మా. నీ ఇష్టమొచ్చినన్నిసార్లు పెట్టుకో."

ఆవిడ పెట్టి, మరిచిపోయి, మళ్లీ పెట్టి, రోజంతా సంబరపడేది. సాయంత్రాలు రేవతి వాణ్ణి కాలవ గట్టు మీద నడిపించేది.

వానాకాలం చివర్లో యశోదమ్మ జ్వరంతో మంచం పట్టింది. కోలుకుంది గానీ ఆ మిగిలిన మతి కూడా జారిపోయింది. అప్పటికి నల్లోడికి నడుము కనబడుతోంది. గట్టు మీద కొంగల వెంట పరుగులు పెడుతున్నాడు. రిజ్వాన్ చూసి మెచ్చుకున్న రోజు రేవతి పట్టలేని సంతోషంతో వాణ్ణి అత్తగారి మంచం దగ్గరికి తీసుకొచ్చింది.

యశోదమ్మ ఎగాదిగా చూసింది.

"ఎవురిదే ఈ కుక్క? మన నల్లోడేడీ?"

"వీడే అత్తమ్మా. సన్నబడ్డాడు."

"నాకు తెలవదా నల్లోడు? దున్నపోతల్లే ఉండేవోడు. ఏం జేశావే వాణ్ణి? చచ్చిపోయాడా?"

నల్లోడు తోక ఊపుతూ ఆవిడ మోకాలి మీద గడ్డం ఆనించాడు. ఆవిడ కాలు వెనక్కి లాక్కుంది. ఆ పూట అన్నం ముట్టలేదు.

ఇప్పుడు వాడికి ముద్దలు పెట్టేది రేవతే. ఆ తర్వాత చేతులు కడుక్కుని అత్తగారికి కలిపి తినిపిస్తుంది. ఆవిడ వీధి వైపు చూస్తూ, "వాడికి ఎవురు కూడు పెడతన్నారో ఏందో" అంటుంది.

"ఎవురో మంచోళ్లే పెడతన్నార్లే. బాగానే తింటన్నాడంట" అంటుంది రేవతి. కళ్లు తుడుచుకోవడానికి చేయి ఖాళీ లేదు. "నువ్వు నోరు తెరువు అత్తమ్మా."